పాత ఎస్‌ఎన్‌ఏ లైన్ తీసేసి కొత్త రౌటర్ మీదికి మారడం ఎట్ల: కడప బ్రాంచ్ నుంచి హైదరాబాద్ హోస్ట్ దాకా

ఎస్‌ఎన్‌ఏ అంటే మెయిన్‌ఫ్రేమ్, అంటే ఆఫీసు పెద్ద కంప్యూటర్, బ్రాంచ్ డబ్బాలతో మాట్లాడటానికి ఐబీఎం వాళ్లు చేసిన పాత నెట్‌వర్క్ పద్ధతి. బ్రాంచ్‌లో ఇంకా ఒక 3174 కంట్రోలరో (టెర్మినల్స్‌ని మెయిన్‌ఫ్రేమ్‌కి కలిపే డబ్బా), దానికి వేలాడే టెర్మినల్సో, ఒక ప్రింటరో ఉండి, మెయిన్‌ఫ్రేమ్ యాడో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉండి, మధ్యలో ఉన్న రాగి లీజు లైన్ ఇంగ నడపలేం ఫైబర్ తీస్కోండి అని లైన్ వాళ్లు చెప్పేసినారా, అయితే ఇది మీకోసమే. అనంతపురంలోనో కర్నూల్లోనో ఇంట్లో కూర్చోని నైట్ షిఫ్ట్‌లో బయటి దేశం బ్యాంకులకి నెట్‌వర్క్ సపోర్ట్ చేసే పిల్లోళ్లకి కూడా పనికొస్తాది, ఎందుకంటే కాలేజీలో ఈథర్నెట్, ఐపీ నేర్చుకోని పోయినాక అర్ధరాత్రి "పీయూ యాక్టివ్ కాలే" (పీయూ అంటే మెయిన్‌ఫ్రేమ్ లెక్కలో బ్రాంచ్ డబ్బా) అని టికెట్ వస్తే యాడ మొదలుపెట్టాల్నో తెలీదు, పక్కన అడగడానికి ఆ కాలం మనిషి ఎవరూ ఉండరు.

ఒక లెక్క అనుకుందాం. కడపలో బ్రాంచ్, హైదరాబాద్‌లో హోస్ట్ (మెయిన్‌ఫ్రేమ్), మధ్యలో ఫైబర్ మీద మామూలు ఐపీ నెట్‌వర్క్. కడప రౌటర్ లూప్‌బ్యాక్ (ఏ లింక్‌కీ కట్టుబడని రౌటర్ సొంత అడ్రస్) 10.20.3.1, హైదరాబాద్ రౌటర్ లూప్‌బ్యాక్ 10.20.1.1. కింద చెప్పే కమాండ్లు సిస్కో రౌటర్ పద్ధతివి, వేరే కంపెనీ డబ్బా అయితే పేర్లు మారతాయి గానీ పని అదే. కమాండ్లు పలికేట్లు రాసినా, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులో కొట్టుకోండి.

ముందు ఇది ఎందుకు ఊరికే పనిచేయదో తెలుసుకోండి

చాలామంది చేసేది ఏందంటే కొత్త రౌటర్ పెట్టి, పింగ్ కొట్టి, పింగ్ పోతాంది కదా అని కంట్రోలర్ కేబుల్ తగిలించి చూస్తాంటారు. ఏమీ రాదు. ఐబీఎం వాళ్లు ఎస్‌ఎన్‌ఏ ని 1974లో ప్రకటించినారు, అప్పటికి ఈథర్నెట్ ఆఫీసుల్లోకి రాలేదు, ఇప్పుడు మనం వాడే ఐపీ పుట్టలేదు. మన బ్రాంచ్ డబ్బా పంపే ఫ్రేమ్‌లో రౌటర్ చదివి దారి చూపించడానికి నెట్‌వర్క్ అడ్రస్ లాంటిది ఏమీ ఉండదు. కాబట్టి దాన్ని రౌట్ చేయలేం, బ్రిడ్జ్ చేయాల (ఫ్రేమ్‌ని ఉన్నదున్నట్ల అవతలికి దాటించాల), లేదా వేరే దాంట్లో చుట్టి పంపాల.

ఇంకో చిక్కు టైమర్లది, అసలు గొడవంతా ఈడనే. ఎస్‌డీఎల్‌సీ (ఎస్‌ఎన్‌ఏ సీరియల్ లైన్ మీద వాడే పద్ధతి) లైన్‌లో ఒక వైపు ప్రైమరీ, ఇంకో వైపు సెకండరీ. ప్రైమరీ పోల్ చేస్తానే ఉంటాది, బడిలో అయ్యవారు హాజరు పిలిచినట్ల, పిలిచిన వెంటనే పలకకపోతే ఆబ్సెంటే. లాన్ మీద వాడే ఎల్‌ఎల్‌సీ2 కూడా అంతే, ఫ్రేమ్ పంపినాక ఒక సెకను అటూ ఇటూగా ఒప్పుకోలు రాకుంటే మళ్లీ పంపుతాది, కొన్నిసార్లు చూసి సెషన్ తెంపేస్తాది. అదే సొంత లీజు లైన్‌లో ఆలస్యం ఎప్పుడూ ఒకేమాదిరి ఉంటాది కాబట్టి నడిచింది. ఐపీ నెట్‌వర్క్‌లో పక్కోడు పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెడితే ఆలస్యం ఎగిరి దూకుతాది, ఆ దూకుడుకే సెషన్లు పడిపోతాయి, జనం మాత్రం "మెయిన్‌ఫ్రేమ్ స్లో" అంటారు.

అందుకే ఈ పని మొత్తానికి పట్టుకోవాల్సింది ఒకటే: పోల్‌కి జవాబు ఆ ఊర్లోనే, ఆ రౌటర్ దగ్గరే అయిపోవాల. కడప కంట్రోలర్‌కి కడప రౌటరే జవాబు చెప్పాల, హైదరాబాద్ హోస్ట్‌కి హైదరాబాద్ రౌటరే జవాబు చెప్పాల, మధ్యలో డేటా మాత్రమే టీసీపీ మీద పోవాల. దీన్నే లోకల్ అక్నాలెడ్జ్‌మెంట్ అంటారు. ఇది లేకుండా ఊరికే బ్రిడ్జ్ చేసి వదిలేసే ఐడియా ఎవరన్నా ఇస్తే వినొద్దండి, వారం రోజులు బాగనే ఉంటాది, నెలాఖరు లోడ్ వచ్చినప్పుడు తెలుస్తాది.

మొదటి పని: కాగితం

కేబుల్ ముట్టుకోకముందే ఒక షీట్ తయారు చేస్కోండి. ఈ పనిలో తప్పులు ఎక్కువ భాగం రెండు వైపులా నంబర్లు కలవక వచ్చేవే, నెట్‌వర్క్ చెడి కాదు. హోస్ట్ దగ్గర వీట్యామ్ (మెయిన్‌ఫ్రేమ్‌లో ఎస్‌ఎన్‌ఏ నడిపే సాఫ్ట్‌వేర్) చూసే మనిషిని పట్టుకోవాల, సాధారణంగా ఆయన రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉంటాడు, "సార్, మీ దగ్గర మా లైన్ డెఫినిషన్ కాపీ ఒకటి ఇప్పించండి" అని మర్యాదగా అడగండి, ఆ కాపీ వస్తే సగం పని అయినట్లే. షీట్‌లో ఇవి ఉండాల:

- డబ్బా మోడల్, అది పీయూ 2.0 నా 2.1 నా. 3174 లాంటి టెర్మినల్ కంట్రోలర్లు మామూలుగా 2.0 గా నడుస్తాయి, ఏఎస్400 లాంటివి 2.1.
- లైన్ ఎస్‌డీఎల్‌సీ అయితే స్టేషన్ అడ్రస్, సీ1 అనో సీ2 అనో ఉంటాది. స్పీడ్, హాఫ్ డ్యూప్లెక్సా ఫుల్ డ్యూప్లెక్సా, ఎన్‌ఆర్‌జెడ్ నా ఎన్‌ఆర్‌జెడ్‌ఐ నా (లైన్ మీద బిట్లు పంపే రెండు పద్ధతులు).
- లాన్ అయితే మ్యాక్ అడ్రస్, సాప్ నంబర్ (ఫ్రేమ్ ఏ ప్రోటోకాల్‌దో చెప్పేది). ఎస్‌ఎన్‌ఏ కి మామూలుగా సాప్ 04.
- ఎక్స్‌ఐడీ, డబ్బా తనెవరో హోస్ట్‌కి చెప్పుకునే నంబర్, అంటే వీట్యామ్‌లో ఐడీబ్లాక్ మూడు అంకెలు, ఐడీనమ్ అయిదు అంకెలు, కలిపి ఎనిమిది.
- మ్యాక్స్‌డేటా (డబ్బా ఒక్కసారి తీసుకోగల ఎక్కువలో ఎక్కువ సైజు) ఎంత. పాత ఎస్‌డీఎల్‌సీ డబ్బాల్లో 265 అని కనపడతాది, అది 256 బైట్ల డేటా, పైన 6 బైట్ల ట్రాన్స్‌మిషన్ హెడర్, 3 బైట్ల రిక్వెస్ట్ హెడర్.
- ఏ టెర్మినల్‌కి ఏ లోక్‌యాడర్ (కంట్రోలర్ కింద దాని నంబర్). డిస్‌ప్లే, ప్రింటర్లకి ఇది 2 నుంచి మొదలవుతాది.

ఎన్‌ఆర్‌జెడ్‌ఐ సంగతి మోడెమ్ వాళ్లని అడిగితే తెలీదంటారు, కంట్రోలర్ కస్టమైజేషన్ కాగితాల్లో ఉంటాది. దొరక్కపోతే కంగారేం లేదు, రెండే ఆప్షన్లు కాబట్టి లైన్ ఎక్కేటప్పుడు మార్చి చూడొచ్చు.

ఏ డబ్బా ఏ దారిలో పోవాల

మూడు దార్లు ఉన్నాయి, అన్నిటినీ ఒకే దాంట్లో తొయ్యొద్దు.

మనిషి కూర్చోని కీబోర్డ్ కొట్టే సీట్లు ఏవైతే ఉన్నాయో అవన్నీ టీఎన్3270 కి మార్చేయండి. పీసీ మీద ఎమ్యులేటర్ (పాత టెర్మినల్ మాదిరి నడిచే ప్రోగ్రామ్), హోస్ట్‌లో టీఎన్3270 సర్వర్, మధ్యలో శుద్ధమైన టీసీపీ. ఎస్‌ఎన్‌ఏ హోస్ట్ లోపలే ఆగిపోతాది, మీ నెట్‌వర్క్ మీదికి రాదు. ఇంత తేలికైన దారి ఉండంగా టెర్మినల్స్ కోసం బ్రిడ్జ్‌లు కట్టుకోవడం దండగ.

మార్చలేని డబ్బాలు, అంటే ప్రోగ్రామ్ మార్చేవాడు లేడు, కంపెనీ మూతబడింది, కానీ రోజూ పని చేస్తాంది, అట్లాంటి వాటికి డీఎల్‌ఎస్‌డబ్ల్యూ, డేటా లింక్ స్విచింగ్. ఇది ఐబీఎం వాళ్లు మొదలుపెట్టింది, 1993లో ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే కాగితం) 1434, తర్వాత 1995లో ఆర్ఎఫ్‌సీ 1795 గా స్థిరపడింది, 1997లో రెండో వెర్షన్ ఆర్ఎఫ్‌సీ 2166. పైన చెప్పిన లోకల్ జవాబు పని చేసేది ఇదే.

ప్రోగ్రామ్‌తో ప్రోగ్రామ్ మాట్లాడుకునే ఎల్‌యూ 6.2 (ఎల్‌యూ అంటే ఎస్‌ఎన్‌ఏ సెషన్ చివర ఉండే టెర్మినలో ప్రింటరో ప్రోగ్రామో) ట్రాఫిక్, లేదా రెండు సంస్థల హోస్ట్‌ల మధ్య లింక్ అయితే ఎంటర్‌ప్రైజ్ ఎక్స్‌టెండర్ మేలు. 1998 నాటి ఆర్ఎఫ్‌సీ 2353 లో ఉన్నది ఇదే, ఎస్‌ఎన్‌ఏ హెచ్‌పీఆర్ (ఎస్‌ఎన్‌ఏ లో వేగంగా దారి చూపే పద్ధతి) ప్యాకెట్లని యూడీపీలో పెట్టి పంపడం. దీనికి రౌటర్‌లో ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు, పనంతా రెండు చివర్ల మిషన్లలో ఉంటాది.

రౌటర్ కొనేముందు ఒక మాట. ఇప్పటి రౌటర్లలో చాలావాటికి సీరియల్ పోర్టే ఉండదు, ఉన్నా సాఫ్ట్‌వేర్‌లో డీఎల్‌ఎస్‌డబ్ల్యూ ఉందో లేదో మోడల్‌ని బట్టి, లైసెన్స్‌ని బట్టి మారతాది. సేల్స్ అబ్బాయి "అన్నీ ఉంటాయి సార్" అంటాడు. ఆ మోడల్, ఆ వెర్షన్ పేరు రాసి ఫీచర్ ఉందని మెయిల్‌లో ఒప్పించుకోని ఆర్డర్ పెట్టండి.

ఐపీ దారి సరిచేయడం

లూప్‌బ్యాక్ నుంచి లూప్‌బ్యాక్‌కి పింగ్ పోవాల, ఇంటర్‌ఫేస్ ఐపీ నుంచి కాదు. పీర్ (అవతలి రౌటర్) అడ్రస్‌గా లూప్‌బ్యాకే పెడతాం, ఎందుకంటే ఫైబర్ పడిపోయి బ్యాకప్ లింక్ మీదికి పోయినా లూప్‌బ్యాక్ చావదు. పింగ్ పెద్ద ప్యాకెట్‌తో, ముక్కలు చేయొద్దనే బిట్ పెట్టి కొట్టండి, టన్నెల్ ఉంటే 1500 పోదు, ఎంత వరకు పోతాందో షీట్‌లో రాస్కోండి.

ఫైర్‌వాల్‌లో టీసీపీ 2065, 2067 రెండు వైపులా తెరవాల. ట్రాఫిక్‌ని ప్రయారిటీ వారీగా విడగొట్టే ఆప్షన్ వాడితే 1981, 1982, 1983 కూడా. మధ్యలో నాట్ పెట్టొద్దు. పీర్లు మొదట రెండు టీసీపీ కనెక్షన్లు తెరిచి, తర్వాత ఒకటి మూసేస్తాయి, ఎవరు మూయాలనేది ఐపీ ఎవరిది పెద్దదో చూసి తేల్చుకుంటాయి. నాట్ అడ్రస్ మార్చిందంటే ఆ లెక్క రెండు చోట్లా వేరే వేరేగా వచ్చి పీర్ నిలబడదు, లేచి పడతా ఉంటాది.

ఇంకా, ఎస్‌ఎన్‌ఏ డేటా తాళం వేసుకోని పోదు. ప్యాకెట్ పట్టుకోని ఎబ్సీడిక్ (ఐబీఎం అక్షరాల కోడ్) నుంచి మార్చుకుంటే యూజర్ పాస్‌వర్డ్ అట్లనే చదవొచ్చు. లీజు లైన్ రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడు మధ్యలో వేరేవాళ్ల నెట్‌వర్క్ ఉండాది కాబట్టి రెండు రౌటర్ల మధ్య ఐపీసెక్ టన్నెల్ ఖచ్చితంగా వేయండి.

హైదరాబాద్ వైపు

ఈడ పని తక్కువే. డీఎల్‌ఎస్‌డబ్ల్యూ లోకల్ పీర్, పీర్ ఐడీ 10.20.1.1 అని ఇచ్చి చివర ప్రామిస్క్యుయస్ అని తగిలించండి, అప్పుడు కడప, కర్నూలు, అనంతపురం బ్రాంచ్‌లు ఒక్కొక్కటి వచ్చి తగులుకుంటే అదే ఒప్పుకుంటాది, ప్రతిసారీ ఈడ లైన్ రాయబళ్లేదు. ఎవరు పడితే వాళ్లు తగులుకోకుండా యాక్సెస్ లిస్ట్ మాత్రం పెట్టండి.

హోస్ట్ ఓఎస్‌ఏ కార్డ్ (మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్ కార్డ్) ఈథర్నెట్ మీద ఉంటే డీఎల్‌ఎస్‌డబ్ల్యూ బ్రిడ్జ్ గ్రూప్ 1 అని ఇచ్చి, ఆ ఈథర్నెట్ ఇంటర్‌ఫేస్‌ని బ్రిడ్జ్ గ్రూప్ 1 లో వేయండి, బ్రిడ్జ్ 1 ప్రోటోకాల్ ఐట్రిపుల్ఈ అని గ్లోబల్‌గా ఇవ్వండి. హోస్ట్ ఇంకా టోకెన్ రింగ్ (ఐబీఎం పాత రకం లాన్) మీద ఉంటే సోర్స్ బ్రిడ్జ్ రింగ్ గ్రూప్ ఒకటి పెట్టుకోని, రింగ్ ఇంటర్‌ఫేస్ నుంచి ఆ వర్చువల్ రింగ్‌కి సోర్స్ బ్రిడ్జ్ లైన్ రాయాల.

ఈథర్నెట్ సెగ్మెంట్ మీద బ్యాకప్ కోసమని రెండు డీఎల్‌ఎస్‌డబ్ల్యూ రౌటర్లు ఊరికే పెట్టేయొద్దు. టోకెన్ రింగ్‌లో ప్రతి ఫ్రేమ్ తను ఏ రింగ్ ఏ బ్రిడ్జ్ దాటి వచ్చిందో రిఫ్ అనే భాగంలో రాసుకోని వస్తాది కాబట్టి తిరిగి వస్తే రౌటర్ గుర్తుపట్టి పారేస్తాది. ఈథర్నెట్ ఫ్రేమ్‌లో ఆ గుర్తు లేదు, ఒక రౌటర్ వదిలింది ఇంకో రౌటర్ పట్టుకోని మళ్లీ వ్యాన్ (ఊర్ల మధ్య నెట్‌వర్క్) మీదికి తోసి లూప్ అయితాది. దీనికోసమే ఈథర్నెట్ రిడండెన్సీ అని ఫీచర్ ఉండాది, అది ఆన్ చేసి పెట్టాల, లేదా రెండో రౌటర్‌ని వేరే సెగ్మెంట్‌లో పెట్టాల. ఇట్లాంటిదే ఇంకోటి: పాత టోకెన్ రింగ్ డిజైన్లలో రెండు ఫ్రంట్ ఎండ్ ప్రాసెసర్లకి (హోస్ట్ ముందు కూర్చోని లైన్లు చూసుకునే డబ్బాలు) ఒకే మ్యాక్ అడ్రస్ ఇచ్చి వేరే వేరే రింగుల మీద పెట్టేవాళ్లు, ఒకటి చస్తే ఇంకోటి పలుకుతాదని. అది చూసి బాగుంది కదా అని ఒకే ఈథర్నెట్‌లో అదే చేస్తే స్విచ్‌కి పిచ్చెక్కుతాది.

కడప వైపు, అసలు పని

మోడెమ్ తీసేస్తాం కాబట్టి ఇప్పుడు క్లాక్ (బిట్ల వేగం నడిపే సిగ్నల్) ఎవరిస్తారన్నది ముందు తేల్చాల. రౌటరే ఇవ్వాల, అంటే రౌటర్ వైపు డీసీఈ (క్లాక్ ఇచ్చే వైపు) కేబుల్ కావాల, ఇంటర్‌ఫేస్‌లో క్లాక్ రేట్ రాయాల, 9600 ఉంటే 9600 యే పెట్టండి, ఫైబర్ వచ్చింది కదా అని పాత డబ్బాకి 64000 ఇస్తే అది తట్టుకుంటాదో లేదో దాని మాన్యువల్‌లో చూడాల. డీటీఈ (క్లాక్ తీసుకునే వైపు) కేబుల్, డీసీఈ కేబుల్ బయటికి ఒకేమాదిరి ఉంటాయి, కనెక్టర్ దగ్గర అచ్చు చదవండి, షో కంట్రోలర్స్ కొడితే రౌటరే ఏ కేబుల్ తగిలిందో చెప్తాది.

తర్వాత సీరియల్ ఇంటర్‌ఫేస్ మీద వరసగా: ఎన్‌క్యాప్సులేషన్ ఎస్‌డీఎల్‌సీ, ఎస్‌డీఎల్‌సీ రోల్ ప్రైమరీ, అవసరమైతే ఎన్‌ఆర్‌జెడ్‌ఐ ఎన్‌కోడింగ్, అవసరమైతే హాఫ్ డ్యూప్లెక్స్. రోల్ ప్రైమరీ ఎందుకంటే ఇంతకుముందు దూరం నుంచి పోల్ చేసిన ఫ్రంట్ ఎండ్ ప్రాసెసర్ జాగాలో ఇప్పుడు మన రౌటర్ కూర్చుంటాంది. 2.1 డబ్బా అయితే లెక్క వేరే, అది తన ఎక్స్‌ఐడీ తనే మాట్లాడుకుంటాది, దానికి ఎక్స్‌ఐడీ నంబర్ రౌటర్‌లో రాయకూడదు, పోల్ చేయమని మాత్రం చెప్పాల.

ఎస్‌డీఎల్‌సీ వీమ్యాక్ 4000.1111.1100 అని ఒకటి ఇవ్వండి, ఇది మన సొంత అడ్రస్, ఏదైనా పెట్టొచ్చు గానీ చివరి రెండు అంకెలు 00 గా వదలాల, ఆ జాగాలో రౌటర్ స్టేషన్ అడ్రస్ పెట్టి సీ1 డబ్బాకి ఒక పూర్తి మ్యాక్ తయారు చేస్తాది. కర్నూలు బ్రాంచ్‌కి వేరే వీమ్యాక్ ఇవ్వండి, కడప కాన్ఫిగ్ కాపీ చేసి కర్నూల్లో అట్లనే అంటించేసి పోతే రెండు బ్రాంచ్‌లకి ఒకే అడ్రస్ అయ్యి రెండూ కొట్టుకుంటాయి.

ఆ తర్వాత ఎస్‌డీఎల్‌సీ అడ్రస్ సీ1, ఎస్‌డీఎల్‌సీ ఎక్స్‌ఐడీ సీ1 కి షీట్‌లో రాసుకున్న ఎనిమిది అంకెలు, ఎస్‌డీఎల్‌సీ పార్టనర్ అని హోస్ట్ మ్యాక్, చివరకి ఎస్‌డీఎల్‌సీ డీఎల్‌ఎస్‌డబ్ల్యూ సీ1. ఈ చివరి లైన్ మర్చిపోతే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా ఏమీ కదలదు. గ్లోబల్‌గా లోకల్ పీర్ 10.20.3.1, రిమోట్ పీర్ 0 టీసీపీ 10.20.1.1.

మ్యాక్ అడ్రస్ తిరగేయడం

పార్టనర్ మ్యాక్ దగ్గర జనం బోల్తా పడతారు కాబట్టి ఈడ కొంచెం నిలబడదాం. టోకెన్ రింగ్ ప్రతి బైట్‌లో పెద్ద బిట్‌ని ముందు పంపుతాది, ఈథర్నెట్ చిన్న బిట్‌ని ముందు పంపుతాది. అందుకని ఒకే అడ్రస్ రెండు చోట్ల రెండు రకాలుగా కనపడతాది. డీఎల్‌ఎస్‌డబ్ల్యూ లోపల అంతా టోకెన్ రింగ్ రూపమే. హోస్ట్ ఓఎస్‌ఏ ఈథర్నెట్ మీద ఉండి దాని మ్యాక్ మీకు ఈథర్నెట్ రూపంలో ఇచ్చినారంటే తిరగేసి పార్టనర్ లైన్‌లో రాయాల. ఈథర్నెట్ మీద ఉన్న పీసీ నుంచి టోకెన్ రింగ్ మీది హోస్ట్‌ని పిలవాలన్నా పీసీలో తిరగేసిందే పెట్టాల.

తిరగేయడం చేత్తోనే అయితాది. ఒక్కో అంకెకి జత ఇది: 0 కి 0, 1 కి 8, 2 కి 4, 3 కి సీ, 4 కి 2, 5 కి ఏ, 6 కి 6, 7 కి ఈ, 8 కి 1, 9 కి 9, ఏ కి 5, బీ కి డీ, సీ కి 3, డీ కి బీ, ఈ కి 7, ఎఫ్ కి ఎఫ్. ముందు ప్రతి అంకెని దాని జతతో మార్చండి, తర్వాత ప్రతి బైట్‌లోని రెండు అంకెల్ని అటుది ఇటు ఇటుది అటు చేయండి. బైట్ల వరస మాత్రం మార్చొద్దు, చాలామంది మొత్తం అడ్రస్‌ని వెనకనుంచి రాసేస్తారు, అది తప్పు. ఉదాహరణకి 4000.1088.0001 తిరగేస్తే 0200.0811.0080. మళ్లీ దాన్ని తిరగేస్తే మొదటిదే రావాల, వస్తే సరైనట్లు లెక్క.

వీట్యామ్ వైపు అడగాల్సింది

ఇంతకుముందు మన డబ్బా ఫ్రంట్ ఎండ్ ప్రాసెసర్ కింద లీజు లైన్‌గా ఉండేది. ఇప్పుడు అది లాన్ నుంచి ఫోన్ చేసినట్ల వస్తాది కాబట్టి వీట్యామ్‌లో స్విచ్డ్ మేజర్ నోడ్ (మేజర్ నోడ్ అంటే వీట్యామ్ డెఫినిషన్ల గుంపు) కింద పీయూ కొత్తగా రాయాల, అందులో ఐడీబ్లాక్, ఐడీనమ్ మనం రౌటర్‌లో రాసిన ఎక్స్‌ఐడీతో అక్షరం తేడా లేకుండా కలవాల. ఓఎస్‌ఏ కోసం ఎక్స్‌సీఏ మేజర్ నోడ్ యాక్టివ్‌గా ఉండాల, అందులో ఖాళీ లైన్లు సరిపోను ఉండాల, ఇది కొత్త బ్రాంచ్‌లు చేర్చినప్పుడు అయిపోయి కూర్చుంటాది, ఎవరికీ గుర్తుండదు. యాక్టివేట్ చేసినాక డిస్‌ప్లే కొడితే పీయూ కాంక్ట్ అనే స్టేట్‌లో కనపడాల, అంటే పిలుపు కోసం ఎదురు చూస్తాంది అని. అంతవరకు ఆయన పని.

ఎల్‌యూ పేర్లు పాతవే ఉంచమనండి. అప్లికేషన్‌లో యాడో ఎల్‌యూ పేరు చూసి ఇది ఫలానా బ్రాంచ్ ఫలానా ప్రింటర్ అని గుర్తుపట్టే కోడ్ ఉంటాది, ఆ కోడ్ రాసినాయన ఇప్పుడు లేడు.

లేపి చూడటం

కింది నుంచి పైకి పోండి, ఒక మెట్టు ఎక్కకుండా ఇంకో మెట్టు చూడొద్దు.

షో ఇంటర్‌ఫేస్ సీరియల్ కొట్టండి. సీ1 పక్కన స్నర్మ్‌సెంట్ అని నిలబడిపోయిందా, రౌటర్ పిలుస్తాంది, డబ్బా పలకడంలే. అప్పుడు హైదరాబాద్‌కి ఫోన్ చేయడం దండగ, తప్పు మీ గదిలోనే ఉండాది: కేబుల్, క్లాక్, స్టేషన్ అడ్రస్, ఎన్‌ఆర్‌జెడ్‌ఐ, ఈ నాలుగే. యూఎస్‌బిజీ అని ఉంటే మంచి వార్త, డబ్బా పలికింది, హోస్ట్ వైపు ఇంకా తగల్లేదు కాబట్టి రౌటర్ డబ్బాని ఆగమని కూర్చోబెట్టింది. కనెక్ట్ అంటే పూర్తయింది.

యూఎస్‌బిజీ దగ్గర ఆగితే షో డీఎల్‌ఎస్‌డబ్ల్యూ పీర్స్ చూడండి. కనెక్ట్ అని లేకుంటే పోర్టులు, పీర్ ఐడీలు, అటువైపు యాక్సెస్ లిస్ట్. పీర్ బాగుంటే షో డీఎల్‌ఎస్‌డబ్ల్యూ రీచబిలిటీ. హోస్ట్ మ్యాక్ సెర్చింగ్‌లోనే తిరుగుతాంటే మ్యాక్ తిరగేయడంలో తేడా వచ్చింది, లేదా హైదరాబాద్‌లో బ్రిడ్జ్ గ్రూప్ తప్పు ఇంటర్‌ఫేస్ మీద ఉండాది. ఫౌండ్ అంటే రౌటర్లు ఒకదాన్నొకటి అడిగి హోస్ట్‌ని కనుక్కున్నాయి.

తర్వాత షో డీఎల్‌ఎస్‌డబ్ల్యూ సర్క్యూట్స్. ఈడ సర్క్యూట్ ఎస్టాబ్లిష్డ్ అని ఆగి, కనెక్టెడ్ దాకా పోకపోతే, నెట్‌వర్క్ పని మొత్తం అయిపోయిందని, ఎక్స్‌ఐడీ కుదరలేదని అర్థం. పీయూ వీట్యామ్‌లో యాక్టివ్‌గా లేదు, లేదా ఐడీనమ్‌లో ఒక అంకె తేడా. ఇదొక్కటి తెలిస్తే రాత్రి కాల్‌లో "నెట్‌వర్కా, హోస్టా" అన్న కొట్లాట అయిదు నిమిషాల్లో తేలిపోతాది, స్క్రీన్‌షాట్ పెట్టేయండి.

సర్క్యూట్ కనెక్టెడ్, కానీ ఒక టెర్మినల్ మాత్రం నల్లగా ఉందంటే లోక్‌యాడర్ తేడా, లేదా ఆ ఎల్‌యూ ఇనాక్టివ్. చిన్న స్క్రీన్లు వస్తాయి పెద్ద రిపోర్ట్ మధ్యలో ఆగిపోతాది అంటే మ్యాక్స్‌డేటా, ఫ్రేమ్ సైజు చూడండి. టోకెన్ రింగ్ నాలుగు వేల బైట్ల పైన ఫ్రేమ్ మోస్తాది, ఈథర్నెట్ 1500 దగ్గర ఆగుతాది, మధ్యలో ఎవరో పెద్దది పంపితే పడిపోతాది.

టీఎన్3270 సీట్లకి కొన్ని మాటలు

ప్రింటర్ కూడా కావాలంటే టీఎన్3270ఈ సపోర్ట్ ఉన్న ఎమ్యులేటర్ తీస్కోండి, ఆర్ఎఫ్‌సీ 2355. ఉత్త పోర్ట్ 23 వాడొద్దు, టీఎల్‌ఎస్ పెట్టుకోండి, దీనికి మామూలుగా 992. ఫైర్‌వాల్ ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని తెంపేస్తాది, మధ్యాన్నం అన్నానికి పోయి వచ్చినోళ్ల స్క్రీన్ చచ్చిపోయి ఉంటాది, సర్వర్‌లో కీప్‌అలైవ్ టైమ్ ఫైర్‌వాల్ టైమ్ కంటే తక్కువ పెట్టించండి. కీబోర్డ్ మ్యాప్ ఒకటి ప్రింట్ తీసి ప్రతి సీటు దగ్గర అంటించండి. పాత కీబోర్డ్‌లో ఎంటర్ కుడి కంట్రోల్ జాగాలో ఉండేది, అలవాటైన చేతులు రెండు మూడు వారాలు తిట్టుకుంటాయి, కాదంటే ఎమ్యులేటర్‌లో కుడి కంట్రోల్‌నే ఎంటర్ చేసి ఇచ్చేయండి, గొడవుండదు.

ఎంటర్‌ప్రైజ్ ఎక్స్‌టెండర్ అయితే

ఫైర్‌వాల్‌లో యూడీపీ 12000 నుంచి 12004 దాకా అయిదూ తెరవాల, రెండు వైపులా. 12000 లింక్ మాటలకి, మిగతా నాలుగు ప్రయారిటీ వారీగా: 12001 నెట్‌వర్క్, 12002 హై, 12003 మీడియం, 12004 లో. ఇది బాగా పనికొచ్చే సంగతి, ఎందుకంటే పోర్ట్ నంబర్ చూసి రౌటర్‌లో క్యూ పెట్టొచ్చు, స్క్రీన్ ట్రాఫిక్ ముందు, బ్యాచ్ ఫైల్ వెనక. 12000 ఒక్కటే తెరిచి వదిలేస్తే లింక్ లేస్తాది, డేటా పోదు, అందరూ జుట్టు పీక్కుంటారు. హోస్ట్ వైపు అడ్రస్ స్టాటిక్ వీపా (ఏ కార్డ్‌కీ కట్టుబడని హోస్ట్ ఐపీ అడ్రస్) అయ్యుండాల, వీట్యామ్‌లో ఏపీపీఎన్ (ఎస్‌ఎన్‌ఏ మిషన్లు సమానంగా నేరుగా మాట్లాడుకునే పద్ధతి) ఆన్ అయ్యుండాల. అనుమానం వస్తే హోస్ట్ ఆపరేటర్‌ని డిస్‌ప్లే నెట్, ఈఈడయాగ్, టెస్ట్ ఈక్వల్స్ యెస్ కొట్టమనండి, అయిదు పోర్టుల్లో ఏది యాడ ఆగిందో అదే చెప్తాది.

మన సీమ గదులు

కడపలో మే నెలలో ఏసీ లేని గదిలో రౌటర్ పెట్టి తలుపేసి పోతే అది ఎంత మంచి రౌటరైనా ఊరుకోదు, గాలి ఆడేట్లు పెట్టండి. ఎర్తింగ్ ఇంకా ముఖ్యం. అనంతపురం వైపు నేల ఎండిపోయి రాయిలా ఉంటాది, ఎర్త్ పిట్ ఎండాకాలం పనిచేయదు, ఉప్పు బొగ్గు వేసిన గుంతలో నీళ్లు పోస్తా ఉండాల, ఏడాదికి ఒకసారైనా మీటర్ పెట్టించి చూడండి. పాత కంట్రోలర్, కొత్త రౌటర్ రెండూ ఒకే యూపీఎస్, ఒకే ఎర్త్ మీద ఉండాల, వేరే వేరే ఎర్త్ మీద ఉంటే ఉరుములప్పుడు సీరియల్ పోర్ట్ కాలిపోతాది, ఆ పోర్ట్ కార్డ్ ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో తప్ప దొరకడం కష్టం. ఆర్ఎస్232 కేబుల్ 15 మీటర్లు దాటించొద్దు.

మారే రోజు

నెలాఖరు, మార్చి ముప్పై ఒకటి దగ్గర పెట్టుకోవద్దు. రాత్రి బ్యాచ్ అయిపోయినాక, వీట్యామ్ ఆయన ఫోన్‌లో ఉండంగా మార్చండి. పాత పీయూని ముందు ఇనాక్టివ్ చేయించాల, లేకుంటే అవే ఎల్‌యూ పేర్లు రెండు చోట్ల ఉండి కొత్తది యాక్టివ్ కాదు. తెల్లారి బ్రాంచ్ తెరిచేటప్పుడు ఒక మనిషి ఆడ నిలబడి ప్రతి సీటు, ప్రతి ప్రింటర్ ఒకసారి కొట్టించాల, ముఖ్యంగా ప్రింటర్, ఎందుకంటే మధ్యాన్నం దాకా ఎవరూ ప్రింట్ కొట్టరు, అప్పుడు అది రావడంలే అని తెలుస్తాది, అప్పటికి మీరు బస్సులో మైదుకూరు దాటింటారు.

లీజు లైన్ సరెండర్ లెటర్ ఆ రోజే ఇచ్చేయొద్దు. ఒక నెలాఖరు కొత్త దారి మీద దాటనీయండి, మోడెమ్‌లు పెట్టెలో పెట్టి ఆ గదిలోనే ఉంచండి. ఆ తర్వాత వీట్యామ్ ఆయనతో పాత లైన్ డెఫినిషన్ తీయించి, లెటర్ ఇచ్చి, షీట్ ఒక కాపీ ర్యాక్ తలుపు లోపల అంటించి రండి.